బంతి కుడి పక్కకే ఎందుకు పోతోంది?

శ్రీసిటీలో ఉద్యోగం చేసే మా బామ్మర్ది ఆర్నెల్ల కిందట గోల్ఫ్ మొదలుపెట్టాడు. వాళ్ల కంపెనీలో పెద్ద సార్లు జపాన్ వాళ్లు. ఆదివారం వస్తే చెన్నై వెళ్లి ఆడతారు. ఒకసారి వీణ్ణీ వెంట తీసుకెళ్లారు, అంతే, ఆ రోజే పట్టుకుంది. ఇప్పుడు తిరుపతిలో మా మిద్దె మీద నెట్ కట్టుకున్నాం. నెలకు ఒకటి రెండుసార్లు చీకటితోనే బయల్దేరి చెన్నైలో డ్రైవింగ్ రేంజ్‌కు, అంటే బంతులు కొట్టి సాధన చేసే మైదానానికి, పోయి వస్తుంటాం. మొన్న తిరుగు ప్రయాణంలో నగరి దాటి పుత్తూరు వచ్చేదాకా వాడు నోరు విప్పలేదు. ఆ తర్వాత అన్నాడు: "బావా, కుడికి పోతోందని ఎడమకు తిరిగి నిలబడ్డా. ఎంత ఎడమకు తిరిగితే అంత ఎక్కువగా కుడికి పోతోంది. నా చేతుల్లోనే ఏదన్నా లోపం ఉందంటావా?"

చేతుల్లో లోపం లేదు. పైగా కొత్తగా ఆడేవాళ్ల కష్టాల్లో సగానికి వాడు మధ్యలో అన్న మాటలోనే జవాబుంది. స్వింగ్‌లో, అంటే కర్ర ఊపే తీరులో, మన కళ్లకు కనిపించే తప్పు చాలాసార్లు అసలు తప్పు కాదు. అంతకుముందు జరిగిన ఇంకో తప్పును కప్పుకోవడానికి ఒళ్లు తనంతట తాను వేసుకున్న అతుకు అది. అతుకును ఊడబీకితే కింద చిరుగు ఇంకా పెద్దగా కనిపిస్తుంది. అందుకే యూట్యూబ్‌లో చూసిన చిట్కా ఒకరోజు పనిచేసి మర్నాడు పనిచేయదు. ముడి ఎక్కడ మొదలైందో తెలియకుండా మధ్యలో దారాన్ని లాగితే అది ఇంకా బిగుసుకుంటుంది.

మొదలు బంతి దగ్గర నుంచి పట్టుకుందాం. గోల్ఫ్ బంతి వ్యాసం కనీసం 42.67 మిల్లీమీటర్లు ఉండాలి, బరువు 45.93 గ్రాములు దాటకూడదు. ఓ మాదిరి నిమ్మకాయంత. క్లబ్బు, అంటే కొట్టే కర్ర, దాన్ని అంటుకుని ఉండే సమయం సుమారు సెకనులో రెండువేలవ వంతు. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్లబ్బు కూడా ఆ కాస్త సమయంలో 2 సెంటీమీటర్లే కదులుతుంది, అంటే బొటనవేలి వెడల్పంత. మన స్వింగ్ మొత్తంలో బంతికి తెలిసేది ఆ బొటనవేలి వెడల్పులో జరిగినదే. మోకాలు ఎంత వంచామో, భుజం ఎంత తిప్పామో దానికి పట్టదు. క్లబ్బు ఎంత వేగంతో వచ్చింది, ఏ దారిన వచ్చింది, దాని ఫేస్ (బంతికి తగిలే ముఖం) ఎటు చూస్తోంది, ఫేస్‌లో ఏ చోట తగిలింది, ఇవే దానికి లెక్క.

అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ స్వింగ్ చూస్తే ఇది నమ్మకంగా అర్థమవుతుంది. క్లబ్బు పైకి ఒక దారిన పోతుంది, పైన మెలిక తిరిగి కిందికి ఇంకో దారిన వస్తుంది. పాఠం చెప్పే ఏ మాస్టారూ పిల్లలకు అలా నేర్పడు. కానీ 2016లో ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్ ఆఖరి రౌండ్‌ను ఆయన 58 దెబ్బల్లోనే ముగించాడు. గోల్ఫ్‌లో ఎంత తక్కువ దెబ్బలైతే అంత గొప్ప. అమెరికాలో ప్రొఫెషనల్ పోటీల వరస అయిన పీజీఏ టూర్‌లో అప్పటిదాకా ఎవరూ అంత తక్కువ స్కోరు చేయలేదు. బంతిని తాకే ఆ క్షణంలో ఆయన ఫేస్ సరిగ్గా ఉంటుంది. కాబట్టి అందమైన స్వింగ్ కోసం తాపత్రయపడటం కొత్తవాళ్లకు అనవసరం అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మావాడి ప్రశ్నకు వద్దాం. కుడిచేతివాటం ఆటగాడి బంతి కుడికి వంకర తిరిగి పోవడాన్ని స్లైస్ అంటారు. కొత్తవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. చాలా ఏళ్లు మాస్టార్లు చెప్పింది ఏమిటంటే, బంతి క్లబ్బు వచ్చిన దారిన బయల్దేరి తర్వాత ఫేస్ చూసిన వైపుకు వంగుతుందని. ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్ యంత్రాలు వచ్చాక అది తలకిందులని తేలింది. బంతి బయల్దేరే దిక్కును ఎక్కువగా నిర్ణయించేది ఫేస్. డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే పొడుగు క్లబ్బు) సుమారు 85 శాతం, ఐరన్‌తో (పలచటి ఇనుప తల ఉన్న క్లబ్బు) సుమారు 75 శాతం. ఆ తర్వాత బంతి ఎటు వంగుతుందనేది ఫేస్‌కీ దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. దారితో పోలిస్తే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది.

గాలిలో ఉన్న బంతికి పక్కకు తిరిగే స్పిన్ అంటూ వేరే ఉండదు. వెనక్కి తిరిగే స్పిన్ ఒక్కటే, దాని ఇరుసు ఎటో ఒక పక్కకు వాలుతుంది. సైకిల్ తొక్కేటప్పుడు ఎటు ఒరిగితే అటే తిరుగుతాం కదా, బంతీ అంతే. ఫేస్‌కీ దారికీ తేడా పెరిగే కొద్దీ ఇరుసు ఇంకా వాలుతుంది.

దీన్ని మావాడి మీద పెట్టి చూద్దాం. మొదట వాడి క్లబ్బు గమ్యానికి 4 డిగ్రీలు ఎడమకు పోతోంది అనుకోండి, ఫేస్ మాత్రం గమ్యం వైపే చూస్తోంది. తేడా 4 డిగ్రీలు. బంతి దాదాపు నేరుగా బయల్దేరి కాస్త కుడికి వంగింది. వాడు భయపడి కాళ్లు, భుజాలు ఇంకో 6 డిగ్రీలు ఎడమకు తిప్పాడు. ఒళ్లంతా, ఫేస్‌తో సహా ఒకటిగా తిరిగి ఉంటే బంతి కూడా ఎడమకు జరిగేది. కానీ వాడి చూపు జెండా మీదే ఉంది, బంతి అక్కడికి పోవాలని మనసులో ఉంది. చేతులు వాడికి తెలియకుండానే ఫేస్‌ను గమ్యం వైపే ఉంచాయి. దారి ఇప్పుడు 10 డిగ్రీలు ఎడమకు, ఫేస్ ఉన్నచోటే. తేడా 10 డిగ్రీలు. బంతి అరటికాయలా వంగి కుడి పక్క చెట్లలోకి పోయింది. అదీ సంగతి. వాడు వేసుకున్న మందే జబ్బును పెంచింది.

ఇక్కడ ఇంకో అపోహ కూడా తీరిపోతుంది. "పిచింగ్ వెడ్జ్ నేరుగా పోతోంది, డ్రైవర్ వంకర పోతోంది, కాబట్టి డ్రైవర్‌లోనే ఏదో ఉంది" అని వేలకు వేలు పోసి కొత్త డ్రైవర్ కొనేవాళ్లున్నారు. వెడ్జ్ అంటే దగ్గరి దూరాలకు బంతిని ఎత్తుగా లేపే క్లబ్బు, దాని ఫేస్ వాలు 45 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. వెనక్కి తిరిగే స్పిన్ దాంతో బాగా ఎక్కువ కాబట్టి అదే తేడాకు ఇరుసు కొంచెమే వాలుతుంది. డ్రైవర్ వాలు 9 నుంచి 12 డిగ్రీలే. తప్పు రెండింట్లోనూ ఒకటే, డ్రైవర్ దాన్ని దాచదు. కొత్త డ్రైవర్ కొనే ముందు రెండు నెలలు ఆగండి, దయచేసి.

మరి ఫేస్ అసలు ఎందుకు తెరుచుకుంటోంది? నాకు తెలిసినంతలో చాలామందికి అది పట్టు దగ్గరే మొదలవుతుంది. చదవడం ఆపి ఒకసారి లేచి నిలబడండి. చేతులు వదులుగా వేలాడదీసి ఎడమ చేతిని పైనుంచి చూడండి. మీ పిడికిలి మీద రెండు మూడు కణుపులు కనిపిస్తాయి. అరచేయి తొడ వైపుకు కాస్త, వెనక్కి కాస్త తిరిగి ఉంటుంది. చేయి దానంతట అది ఉండే తీరు అది. చాలామంది కొత్తవాళ్లు బొటనవేలిని కర్ర మీద నిట్టనిలువుగా పెట్టి, కణుపులేవీ కనిపించకుండా పట్టుకుంటారు. చూడటానికి అది చక్కగా, నేరుగా ఉంటుంది. కానీ వేగంగా ఊపినప్పుడు చేయి తన సహజమైన తీరుకు తిరిగొచ్చేస్తుంది. అది తిరిగిన మేరకు ఫేస్ కుడికి తెరుచుకుంటుంది. అదే పట్టుకునేటప్పుడే రెండు కణుపులు కనిపించేలా పట్టుకుంటే, బంతి దగ్గరికి వచ్చేసరికి చేయి తిరగాల్సిన పనే ఉండదు.

ఇంకొకటి, కర్రను అరచేతిలో కాకుండా వేళ్లలో ఉంచుకోవాలి. నిండు బకెట్ ఎత్తి చూడండి. హ్యాండిల్ అరచేయి మధ్యలో కాదు, వేళ్ల మొదళ్ల దగ్గర కూర్చుంటుంది. సరిగ్గా అక్కడే. అరచేతిలో పట్టుకుంటే మణికట్టు కదలదు, కదలని మణికట్టును కాపాడటానికి ఇంకా గట్టిగా పిసుకుతాం, పిసికిన కొద్దీ ముంజేయి బిగుసుకుని ఫేస్ మూసుకోవడం మానేస్తుంది. మే నెలలో తిరుపతి ఎండలో చెమటకు కర్ర జారుతుందని పట్టు ఇంకా బిగిస్తాం. దానికి మందు బలం కాదు, పొడి తువ్వాలు. రెండు గ్లౌజులు మార్చి మార్చి వేసుకోవాలి.

క్రికెట్ ఆడి వచ్చినవాళ్లకు ఇది మరీ కష్టం. మన దగ్గర గోల్ఫ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే. మా బామ్మర్ది కాలేజీ రోజుల్లో ఓపెనర్. స్ట్రెయిట్ డ్రైవ్ ఆడేటప్పుడు బ్యాట్ పూర్తి ముఖాన్ని బౌలర్‌కు చూపిస్తూ వీలైనంత దూరం తీసుకెళ్లమని చిన్నప్పటి నుంచి నేర్పారు. గోల్ఫ్‌లో ఫేస్ అలా ఉండదు, బంతి దగ్గర అది తలుపులా మూసుకుంటూ పోవాలి. దాన్ని నేరుగా పట్టి ఉంచాలని చూస్తే తెరిచిన తలుపు తెరిచినట్టే ఉండిపోతుంది. అలాగని క్రికెట్ శత్రువేం కాదు. ఎడమ చేయి పైన, కుడి చేయి కింద, ఎడమ భుజం గమ్యం వైపు, ఇవన్నీ అక్కడి నుంచి వచ్చిన ఆస్తే. కపిల్ దేవ్ క్రికెట్ తర్వాత గోల్ఫ్‌లో మునిగిపోయి, 2024లో ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియాకు అధ్యక్షుడు కూడా అయ్యాడు.

క్రికెట్ నుంచి వచ్చే రెండో అలవాటు ఇంకా లోతుగా పాతుకుపోయి ఉంటుంది. బంతిని పైకి లేపాలంటే వెనక్కి వాలి కింది నుంచి ఎత్తాలనుకోవడం. కొత్తవాళ్ల రెండో పెద్ద ముడి ఇక్కడే పడుతుంది. ఒకసారి క్లబ్బు బంతికి ముందే నేలను తవ్వుతుంది, మట్టి ఎగురుతుంది, బంతి పది అడుగులు పోయి ఆగుతుంది. మరుసటిసారి బంతి నెత్తిన తగిలి పాములా నేల మీద పాకిపోతుంది. ఆడేవాళ్లకు ఇవి రెండు వేరువేరు జబ్బులుగా కనిపిస్తాయి. మొదటిదానికి "క్లబ్బు పైకి పట్టుకో" అంటారు, రెండోదానికి "కిందికి వంగు" అంటారు. పాపం ఆ మనిషి సాయంత్రం దాకా లేస్తూ వంగుతూ ఉంటాడు.

నిజానికి రెండూ ఒకే తప్పు. దూలానికి కట్టిన ఉయ్యాలను గుర్తు తెచ్చుకోండి. అది ఎంత ఊగినా అన్నిటికన్నా కిందికి వచ్చే చోటు దూలం కిందే. దూలాన్ని ఒక అడుగు వెనక్కి జరిపితే ఆ చోటు కూడా వెనక్కి జరుగుతుంది. స్వింగ్‌లో ఆ దూలం మన రొమ్ము, ఎడమ భుజం. బంతిని లేపుదామని ఒంటి బరువును కుడి కాలి మీదే ఉంచేస్తే క్లబ్బు అడుగుకు చేరే చోటు బంతికి వెనక పడుతుంది. అక్కడ నేల తగిలితే మట్టి తవ్వుతుంది. కాస్తలో నేల తప్పించుకుంటే, బంతి దగ్గరికి వచ్చేసరికి క్లబ్బు అప్పటికే పైకి లేస్తూ ఉంటుంది, కాబట్టి బంతి నెత్తిన కొడుతుంది. నేలకు తగిలిందా లేదా అన్న వెంట్రుకవాసి తేడా తప్ప రెండు దెబ్బలకూ మూలం ఒకటే. మంచి ఆటగాళ్లు ఐరన్ ఆడేటప్పుడు క్లబ్బు అడుగుకు చేరేది బంతికి సుమారు 4 అంగుళాలు ముందు. వాళ్లు లేపిన గడ్డిపెళ్ల బంతి ఉన్న చోటుకు అవతల ఉంటుంది, ఇవతల కాదు.

బంతిని లేపే పని క్లబ్బుది. 7 ఐరన్ ఫేస్ 30 డిగ్రీలకు అటూ ఇటూగా వెనక్కి వాలి ఉండేది అందుకే. మనం కిందికి కొడితే అది పైకి లేస్తుంది. ఈ ఒక్క మాటను ఒళ్లు నమ్మడానికి నాకు తెలిసినవాళ్లకు నెలలు పట్టింది. బుర్రకు నిమిషంలో ఎక్కుతుంది, ఒంటికి మాత్రం ఎక్కదు.

దెబ్బ తప్పగానే పక్కనున్నవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "తల ఎత్తావు." ఈ మాట మీద నాకు కోపం. బంతి నెత్తిన తగిలిన చాలా దెబ్బల్లో ముందు కదిలింది తల కాదు. బరువు వెనక ఉండిపోతుంది, నేల తగులుతుందన్న భయంతో ఎడమ మోచేయి ముడుచుకుంటుంది, నడుం బంతి వైపు తోసుకొచ్చి ఒళ్లంతా లేస్తుంది. తల చివర్లో లేచిన పొగ మాత్రమే. ఈ సలహా విన్న మనిషి తలను మేకు కొట్టినట్టు బిగిస్తాడు. తల బిగిస్తే భుజాలు తిరగవు, భుజాలు తిరగకపోతే బరువు ముందుకు రాదు, బరువు రాకపోతే మళ్లీ మొదటికే. స్వీడన్ ఆటగత్తె అన్నికా సోరెన్‌స్టామ్ తల బంతిని తాకే సమయానికే గమ్యం వైపు తిరిగిపోతూ ఉండేది. ఆమె మహిళల ప్రొఫెషనల్ టూర్ అయిన ఎల్‌పీజీఏలో 72 టైటిళ్లు గెలిచింది, అందులో 10 మేజర్లు, అంటే అన్నిటికన్నా పెద్ద పోటీలు.

ఇక ఆ ఎడమకు పోయే దారి సంగతి. పైనుంచి కిందికి వచ్చేటప్పుడు కుడి భుజం, చేతులు ముందుగా దూకితే క్లబ్బు బయటి నుంచి లోపలికి అడ్డంగా కోసుకుంటూ వస్తుంది. గట్టిగా కొట్టాలన్న ఆత్రమే దీనికి మొదటి కారణం. చిన్నప్పుడు చెరువు నీళ్ల మీద చిల్లపెంకు ఎగిరెగిరి పోయేలా విసిరే ఉంటారు. ఎడమ కాలు ముందు నేలకు ఆనుతుంది, నడుం తిరుగుతుంది, మోచేయి పక్కటెముకల దగ్గరగా వస్తుంది, ఆఖరున మణికట్టు. భుజంతో మొదలుపెడితే పెంకు బుడుంగున మునుగుతుంది. డౌన్‌స్వింగ్ (క్లబ్బును కిందికి తెచ్చే ఊపు) వరుస కూడా సరిగ్గా అదే, కింది నుంచి పైకి. మంచి ఆటగాళ్లు క్లబ్బు పైకి తీసుకెళ్లడానికి పట్టే సమయం కిందికి తెచ్చే సమయానికి సుమారు మూడింతలు. కిందికి రావడానికి పావు సెకను, అటూ ఇటూగా. కొత్తవాళ్లు చాలామంది పైకే పరిగెత్తుతారు, దాంతో కింది నుంచి మొదలుపెట్టే వ్యవధి ఒంటికి దొరకదు.

బలం గురించి బెంగ ఉన్నవాళ్లు అదితి అశోక్‌ను చూడాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆ బెంగళూరు అమ్మాయి డ్రైవ్ దూరంలో బాగా వెనకబడ్డవాళ్లలో ఒకరు. అయినా నాలుగో స్థానంలో నిలిచింది. ఆఖరి రోజు పొద్దున్నే మా ఇంట్లో టీవీ ముందు గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని మా అమ్మ కూడా కూర్చుంది.

క్లబ్బు మెడకు, అంటే కర్ర ఫేస్‌ను కలిసే చోటికి, తగిలి బంతి అడ్డంగా పక్కకు పోవడాన్ని షాంక్ అంటారు. అది వచ్చినప్పుడు వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఎక్కువసార్లు బరువు మునివేళ్ల మీదికి వచ్చేసి చేతులు ఒంటికి దూరంగా జరగడం వల్ల వస్తుంది. నిలబడేటప్పుడు బరువు పాదం మధ్యలో ఉందో లేదో చూసుకుంటే చాలావరకు పోతుంది.

మనలాంటి ఊళ్లలో నేర్చుకునేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది నెట్ గురించి, మ్యాట్ గురించి. నెట్‌లో బంతి పది అడుగులకే ఆగిపోతుంది, వంకర కనిపించదు. మ్యాట్ ఇంకా మోసం చేస్తుంది. క్లబ్బు బంతికి రెండు అంగుళాలు వెనక తగిలినా రబ్బరు మీద జారి బంతిని చేరుతుంది, టప్పుమని మంచి చప్పుడు కూడా వస్తుంది. అదే దెబ్బ గడ్డి మీద అయితే మట్టిలో దిగబడుతుంది. పైగా గట్టి మ్యాట్ మీద వందల బంతులు కొడితే మణికట్టుకు, మోచేతికి నొప్పులు పట్టుకుంటాయి. ఫోన్‌లో వీడియో తీసుకునేవాళ్లు స్లో మోషన్ పెట్టుకోవాలి. మామూలు 30 ఫ్రేముల వీడియోలో డౌన్‌స్వింగ్ మొత్తం ఏడెనిమిది ఫ్రేముల్లో అయిపోతుంది, 240లో అయితే 60 దొరుకుతాయి. ఫోన్‌ను చేతుల ఎత్తులో, గమ్యం గీతకు సమానంగా పెట్టకపోతే లేని తప్పు కూడా కనిపిస్తుంది.

మ్యాట్ దాచినదాన్ని బయటపెట్టడానికి మేము చేస్తున్న పని ఒకటుంది, ఖర్చు లేదు. ఆదివారం తెల్లవారుజామున, క్రికెట్ పిల్లలు రాకముందే, ఊరి చివర ఎర్రమట్టి ఖాళీ స్థలానికి పోతాం. వెంట ఒక 9 ఐరన్, పొట్లంలో ముగ్గుపిండి. నిలబడే చోట కాళ్ల మధ్య నుంచి ముందుకు ఒక గీత. దానికి అడ్డంగా శేషాచలం కొండ మీద ఏదో ఒక గుర్తు వైపు చూపించే ఇంకో గీత. బంతి పెట్టం. బంతి ఉండాల్సిన చోట రెండు గీతలు కలుస్తాయి. ఊపి, క్లబ్బు మట్టిని ఎక్కడ గీకిందో వంగి చూస్తాం. గీకుడు మొదటి గీతకు కుడి పక్కన మొదలైతే క్లబ్బు అడుగుకు చేరే చోటు వెనక పడినట్టు, గీత దాటి మొదలైతే బరువు ముందుకు వచ్చినట్టు. ఇక ఆ గీకుడు ఎటు పోయిందో రెండో గీతతో పోల్చి చూస్తే క్లబ్బు వచ్చిన దారి తెలిసిపోతుంది. తర్వాత నెట్‌లో కొట్టేటప్పుడు క్లబ్బు ఫేస్ మీద కాస్త టాల్కమ్ పౌడర్ అద్దుతాం. బంతి ముద్ర ఫేస్ మధ్యలో పడిందా, మెడ దగ్గర పడిందా అన్నది అది చెబుతుంది.

మొదటి ఆదివారం మావాడు పదిసార్లు ఊపాడు. తొమ్మిది గీకుళ్లు గీతకు వెనకే మొదలయ్యాయి, అన్నీ ఎడమకు అడ్డంగా, పిల్లి గోళ్లతో గీరినట్టు. వాడు చాలాసేపు వాటి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఇన్నాళ్లూ నేరుగా కొడుతున్నాననే అనుకున్నా బావా" అన్నాడు.

ఆ రోజు మేము దారి గురించి మాట్లాడుకోలేదు. పట్టు మార్చాం, రెండు కణుపులు కనిపించేలా. బరువు ఎడమ కాలి మీదికి తెచ్చి, సగం స్వింగ్ మాత్రమే. వరుస అదే ఉండాలి అని నా నమ్మకం: ముందు పట్టు, తర్వాత నేల తగిలే చోటు, ఆ తర్వాతే దారి. బంతి కుడికి పోతుందన్న భయం తగ్గితే ఎడమకు లాగాల్సిన అవసరం ఒంటికి ఉండదు, దారి సగం దానంతట అదే సర్దుకుంటుంది. డ్రైవర్‌ను రెండు నెలలు అటక మీద పెట్టించాను. దానికి మాత్రం వాడు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

నిన్న పొద్దున నేను ఇంట్లో ఉండగా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. ఎర్రమట్టి మీద చెదిరిన ముగ్గు గీత, దాని అవతల వరసగా గీకుళ్లు. కింద ఒకే ముక్క రాశాడు: "బావా, పదిలో ఏడు గీత దాటినాయి."